విత్తనాల పెట్టె పంపిన రైతు - జాన్ బార్ట్రమ్

పదవీ విరమణ చేసిన తరువాత మనలో చాలామందికి మొక్కల మీదికి మనసు మళ్ళుతుంది. పెరడున్నవారు పెరట్లో, లేనివారు డాబా మీద కుండీల్లో ఏదో ఒకటి పెంచుకుంటున్నారు. పూల మొక్కలు, కూరపాదులు సరే గానీ, చెట్టును విత్తనం నుంచి పెంచుదామంటే మాత్రం ఎక్కువమంది వెనుకాడతారు. ఈ వయసులో విత్తనం నాటితే అది ఎప్పటికి చెట్టవుతుంది, ఎప్పటికి పూస్తుంది, అప్పటికి మనం ఉంటామా అన్నది వారి సందేహం. సందేహం సహజమే. దానికి సమాధానంగా ఒక మనిషి జీవితం ఉంది. ఆయన మన దేశస్థుడు కాడు, మన కాలం వాడూ కాడు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం పక్కన సేద్యం చేసుకుని బతికిన ఒక రైతు. పేరు జాన్ బార్ట్రమ్. ఇప్పటికి మూడు వందల ఏళ్ళ క్రితం పుట్టిన ఈ రైతు తన ఇంటి తోటలో చెట్లను విత్తనాల నుంచి పెంచుతూ, ఆ విత్తనాలను పెట్టెల్లో సర్ది సముద్రాల మీదుగా పంపుతూ జీవితం గడిపారు. అందువల్ల ఒక దేశపు తోటల రూపమే మారింది. ఒక చెట్టు జాతి ఈ భూమి మీద నిలిచింది.

బాల్యం, చదువు

జాన్ బార్ట్రమ్ 1699లో పెన్సిల్వేనియాలోని డార్బీ అనే పల్లె దగ్గర జన్మించారు. అప్పటికి అమెరికా అన్న దేశం ఏర్పడలేదు. అవన్నీ ఇంగ్లండు రాజు ఏలుబడిలోని వలస సీమలు. బార్ట్రమ్‌ల పూర్వీకులు ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన క్వేకర్ శాఖ క్రైస్తవులు. నిరాడంబరంగా బతకడం, ఒళ్ళు వంచి పనిచేయడం వారి ఆచారం.

జాన్‌కు రెండేళ్ళ వయసులోనే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని కరోలినా ప్రాంతానికి వలస వెళ్ళారు. అక్కడ 1711లో స్థానిక తెగలకూ వలసదారులకూ మధ్య జరిగిన పోరులో ఆయన చనిపోయారు. పిల్లవాడిని నాయనమ్మ పెంచింది. తండ్రి మరణం వల్ల ఆ తెగల పట్ల ఏర్పడిన కటువైన అభిప్రాయం జాన్ మనసులో చివరి వరకూ పూర్తిగా పోలేదు. కానీ తరువాతి రోజుల్లో అడవుల్లో ఆయనకు దారి చూపినవారిలో ఆ తెగల వారూ ఉన్నారు.

పల్లె బడిలో నేర్చుకున్న చదవడం, రాయడం, లెక్కలు తప్ప ఆయనకు పెద్ద చదువు లేదు. చిన్నతనం నుంచీ మందు మొక్కల మీద ఆసక్తి. ఆయన పొలం దున్నుతూ ఒకనాడు ఒక చిన్న పువ్వును చేతిలోకి తీసుకుని, ఇన్నేళ్ళుగా ఇలాంటివాటిని నాగలి కింద వేస్తున్నానే గానీ వీటి సంగతి ఏమీ తెలియదే అని బాధపడి, నాలుగో రోజున పట్నం వెళ్ళి పుస్తకాలు కొన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కాలపు రచయిత క్రెవ్‌కర్ ఒకరు దాన్ని తన పుస్తకంలో రాశారు. అందులో కల్పన పాలు ఎంతైనా, పెద్దవాడయ్యాక స్వయంకృషితో చదువుకున్నారన్నది నిజం. ఫిలడెల్ఫియా ప్రముఖుడు, పండితుడు జేమ్స్ లోగన్ ఆయనకు పుస్తకాలిచ్చి ప్రోత్సహించారు. మొక్కల శాస్త్రీయ నామాలు లాటిన్‌లో ఉంటాయి గనుక ఆ భాషను కూడా అవసరం మేరకు నేర్చుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటి, భార్యాబిడ్డలతో సంసారం చేస్తూ, పగలంతా పొలం పని చేసి, రాత్రి దీపం ముందు కూర్చుని పరాయి భాష నేర్చుకోవడం ఎంత కష్టమో ఉద్యోగం చేస్తూ శాఖాపరమైన పరీక్షలు రాసిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

సొంత ఇల్లు, సొంత తోట

1723లో మేరీ మారిస్‌ను వివాహమాడారు. నాలుగేళ్ళకే ఆమె కన్నుమూసింది. 1728లో స్కూల్‌కిల్ నది ఒడ్డున కింగ్‌సెసింగ్ అనే చోట వేలంలో 102 ఎకరాల పొలం కొన్నారు. మరుసటి సంవత్సరం ఆన్ మెండెన్‌హాల్‌ను పెళ్ళాడారు. ఆమెకు తొమ్మిదిమంది సంతానం. ఆయన నెలల తరబడి అడవులు పట్టి తిరుగుతుంటే పొలాన్నీ పశువులనూ పిల్లలనూ చూసుకుని ఇల్లు నిలబెట్టినది ఆ ఇల్లాలే. ఆమె లేకపోతే ఈ కథే లేదు.

ఆ పొలంలో రాతి ఇంటిని ఆయన స్వయంగా కట్టుకున్నారు. రాయి కొట్టడం, చెక్కడం కూడా తానే నేర్చుకున్నారు. 1731 నాటి ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉంది. ఇంటి ముందు నుంచి నది వరకూ దిగే వాలులో తోట వేశారు. మొదట్లో అది మందు మొక్కలూ కూరగాయలూ ఉన్న మామూలు పెరడే. కానీ ఎక్కడికి వెళ్ళినా అక్కడి చెట్టు గింజో, చిన్న మొక్కో తెచ్చి నాటడం ఆయన అలవాటు. అలా ఆ పెరడు క్రమంగా ఒక మహాద్వీపపు చెట్లన్నిటికీ చిరునామా అయింది.

లండన్ మిత్రుడు

లండన్‌లో పీటర్ కాలిన్సన్ అనే బట్టల వర్తకుడు ఉండేవారు. ఆయనా క్వేకరే. అమెరికా వలసలకు బట్టలు ఎగుమతి చేయడం వృత్తి, తోట పెంచడం ప్రాణం. అమెరికా చెట్ల విత్తనాలు పంపమని ఎందరో ఖాతాదారులను అడిగినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఫిలడెల్ఫియాలోని మిత్రుల ద్వారా ఆయనకు బార్ట్రమ్ సంగతి తెలిసింది. 1733 ప్రాంతంలో ఇద్దరి మధ్య ఉత్తరాలు మొదలయ్యాయి. ముప్పై అయిదేళ్ళ పాటు, 1768లో కాలిన్సన్ మరణించే దాకా సాగాయి. ఈ మిత్రులు ఒకరి ముఖం ఒకరు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

వారి ఉత్తరాల్లో స్నేహంతో పాటు చిన్న చిన్న అలకలు కూడా ఉండేవి. తన శ్రమకు తగిన ప్రతిఫలం రావడం లేదని బార్ట్రమ్ చిన్నబుచ్చుకునేవారు. నాకూ వ్యాపారం ఉంది, తోట నా తీరిక వేళ పని మాత్రమేనని కాలిన్సన్ సర్దిచెప్పేవారు. బార్ట్రమ్ 1738లో వర్జీనియా వెళ్ళబోతున్నప్పుడు, అక్కడి జమీందార్లు మనిషి లోపలి విలువ కంటే పై దుస్తులనే ఎక్కువ చూస్తారు కాబట్టి కొత్త బట్టలు వేసుకుని వెళ్ళమని, తన పేరు నిలబెట్టమని లండన్ వర్తకుడు ఆయనకు హితవు చెప్పారు. అడవిలో తిరిగే రైతుకు ఇది ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు.

పెట్టెలో ఏముండేది

ఇంగ్లండులో అప్పటికి సొంత చెట్ల రకాలు తక్కువ. శరదృతువులో ఆకులు ఎర్రగా, బంగారు రంగులో మెరిసే మేపుల్ చెట్లు, పెద్ద తెల్లని పూలు పూసే మాగ్నోలియాలు, గుత్తులుగా పూసే రోడోడెండ్రాన్లు, కాల్మియాలు అక్కడి ధనవంతులకు కొత్త వింతలు. వాటి కోసం పోటీ పడ్డారు. కాలిన్సన్ చందాదారులను కూడగట్టారు. ఒక్కో పెట్టెలో వంద, అంతకు మించిన రకాల విత్తనాలు. పెట్టె ధర అయిదు గినీలు. ఒక గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు, పౌను కంటే ఒక షిల్లింగు ఎక్కువ.

తొలి చందాదారులలో ముఖ్యుడు ఎసెక్స్ ప్రాంతపు యువ ప్రభువు లార్డ్ పీటర్. తన ఎస్టేటులో ఈ విత్తనాల నుంచి వేలాది చెట్లు పెంచారు. 1742లో మశూచి సోకి ఇరవై తొమ్మిదేళ్ళకే మరణించారు. ఆయన పెంచిన నారు తరువాత ఇతర ప్రభువుల తోటలకు చేరింది. రిచ్‌మండ్, బెడ్‌ఫర్డ్, ఆర్గైల్ డ్యూకుల తోటల్లోనూ, చెల్సీ మందు మొక్కల తోటలోనూ బార్ట్రమ్ విత్తనాలు మొలిచాయి. ఇవాళ ఇంగ్లండు తోటల అందమని చెప్పుకునే చాలా చెట్ల వెనుక ఒక అమెరికా రైతు చేతి సంచి ఉంది.

పెట్టె నింపడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. చెట్టును గుర్తుపట్టాలంటే పూసే కాలంలో చూడాలి. విత్తనం కావాలంటే కాయ ముదిరే కాలంలో మళ్ళీ వెళ్ళాలి. అంటే ఒక్కో రకానికి రెండు ప్రయాణాలు. నాలుగు రోజులు ముందు వెళితే గింజ పచ్చిది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఉడుతలూ పక్షులూ మిగల్చవు. కాయలు ముదిరేది కూడా సరిగ్గా పొలంలో పని ఎక్కువగా ఉండే ఆకురాలు కాలంలోనే. తెచ్చిన గింజలను ఎండబెట్టి, శుభ్రం చేసి, కాగితాల్లో పొట్లాలు కట్టి, పేర్లు రాసి పెట్టెలో సర్దాలి. వారాల తరబడి సాగే ఓడ ప్రయాణంలో ఉప్పునీటి తడి, ఓడ అడుగున ఉక్క, ఎలుకలు, పురుగులు - అన్నీ శత్రువులే. యుద్ధ కాలంలో శత్రు నౌకలు ఓడలనే పట్టుకుపోయేవి. ఏడాది శ్రమ ఒక్క ఓడతో పోయేది. అయినా మరుసటి ఏడు మళ్ళీ పెట్టె తయారయ్యేది.

మొక్కలు పంపవలసి వస్తే వేర్లకు మట్టి, తడి నాచు చుట్టి, ఎద్దు మూత్రాశయపు సంచిలో ఉంచి, మూతిని కాండం చుట్టూ బిగించి కట్టే పద్ధతి ఒకటి ఉండేది. ప్లాస్టిక్ సంచులు లేని రోజుల్లో తేమ పోకుండా వారు కనిపెట్టిన ఉపాయమది.

విత్తనాల స్వభావాలు

ఈ అనుభవం వల్ల బార్ట్రమ్‌కూ ఆయన మిత్రులకూ ఒక విషయం బాగా బోధపడింది. విత్తనాలన్నీ ఒకే మాట వినవు. దేని స్వభావం దానిది. ఆ పాఠం నేడు మన పెరటికి కూడా వర్తిస్తుంది కనుక కొంచెం వివరంగా చెప్పుకుందాం.

కొన్ని విత్తనాలు ఎండితే చచ్చిపోతాయి. ఓక్ చెట్టు గింజలు అలాంటివి. వాటిని తడి ఇసుకలోనో నాచులోనో పెట్టి పంపకపోతే లండన్ చేరేది ఉత్త పెంకులే. మన వేప, నేరేడు, పనస గింజలు ఈ తరగతివే. రోడ్ల పక్క నిటారుగా పెరిగే, మనం వాడుకలో అశోకం అని పిలిచే నరమామిడి కూడా అంతే. పండు రాలిన వారం రోజుల్లో గుజ్జు కడిగి నాటాలి. డబ్బాలో దాచి వచ్చే ఏడు వేద్దామంటే మొలవవు.

కొన్నిటికి గింజ మీద నూనెగల ఎర్రని కండ ఉంటుంది. మాగ్నోలియా గింజలు ఇలా ఉంటాయి. మాగ్నోలియా మన సంపెంగకు స్వయానా బంధువు. సంపెంగ కాయ పగిలినప్పుడు కనిపించే ఎర్రటి గింజలను చూసినవారికి ఇది తెలుస్తుంది. ఆ ఎర్రని కండను బూడిదతోనో ఇసుకతోనో రుద్ది పూర్తిగా కడిగి, నీడలో, వెంటనే విత్తుకోవాలి. కండతో నాటితే కుళ్ళుతుంది, ఎండబెట్టి దాస్తే బలం పోతుంది. మొలక రావడానికి వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి.

చలి దేశాల మేపుల్, డాగ్‌వుడ్ వంటి చెట్ల విత్తనాలలో చాలావాటికి రెండు మూడు నెలలు తడిలో, చలిలో నిద్రపోతే గానీ మెలకువ రాదు. శీతకాలం మధ్యలో మొలిస్తే మంచుకు చస్తాయి కాబట్టి ప్రకృతి పెట్టిన తాళం అది. తాళం తెలియక ఇంగ్లండు తోటమాలులు విత్తి, నెల చూసి, మొలవలేదని మట్టి పారబోసిన సందర్భాలు ఉండేవి. ఒక చలికాలం గడిచాక ఆ కుండీల్లోనే మొలకలు వచ్చేవి. ఇప్పుడు అక్కడివారు తడి ఇసుకలో కలిపి రిఫ్రిజిరేటర్‌లో పెట్టి అదే పని చేస్తున్నారు. మన పిల్లలు అమెరికా నుంచి తెచ్చే విత్తనాలు ఇక్కడ మొలవకపోవడానికి తరచుగా ఇదీ ఒక కారణం.

మన ఎండ దేశపు చెట్లు కొన్నిటికి తాళం వేరే రకం. రేల, ఎర్ర తురాయి గింజలకు పైపెంకు గట్టిది. నీరు లోపలికి పోదు. గింజ ఒక పక్కన గరుకు కాగితం మీద కొంచెం అరగదీసి ఒక రాత్రి నానబెట్టాలి. లేదా బాగా కాగిన నీటిని పొయ్యి మీద నుంచి దించి, గింజల మీద పోసి, అలాగే చల్లారనిచ్చి, తెల్లవారి చూడాలి. ఉబ్బిన గింజలను విత్తాలి, ఉబ్బనివాటికి మళ్ళీ అదే వైద్యం చేయాలి. గింజ మందానికి రెండింతల లోతు చాలు. నాటే చోటు విషయంలో మాత్రం తురాయికి జాగ్రత్త అవసరం. దాని వేర్లు పైపైన పాకుతాయి, గాలికి కొమ్మలు విరుగుతాయి. ఇంటి గోడకూ కరెంటు తీగలకూ దూరంగా ఉంచాలి.

దూర ప్రయాణాలు

బార్ట్రమ్ ఏటా పంట పని ముగించుకుని గుర్రం మీద, తరచు ఒంటరిగా, బయలుదేరేవారు. 1738లో వర్జీనియా, బ్లూ రిడ్జ్ కొండలు తిరిగారు. 1743లో ఉత్తరాన ఒంటారియో సరస్సు దాకా వెళ్ళారు. ఆ యాత్రా విశేషాలు 1751లో లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. 1753లో పద్నాలుగేళ్ళ కొడుకు విలియమ్‌ను వెంటబెట్టుకుని కాట్స్‌కిల్ కొండలెక్కారు. ఆ కుర్రవాడు చక్కని చిత్రకారుడు. తండ్రి విత్తనాలు సేకరిస్తే కొడుకు బొమ్మలు గీసేవాడు.

విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయనకు ఆప్త మిత్రుడు. 1743లో వారంతా కలిసి అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్న రోజుల్లో అక్కడి నుంచి తన మిత్రుడికి విత్తనాలు పంపేవారు. మొక్కలకు నామకరణ పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్‌తో కూడా బార్ట్రమ్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలుండేవి. ఆయన ఈ రైతును గొప్పగా ప్రశంసించారని చెబుతారు. 1769లో స్వీడన్ రాజ విజ్ఞాన అకాడమీ బార్ట్రమ్‌ను సభ్యునిగా ఎన్నుకుంది.

మనిషి మాత్రం రాజీపడే రకం కాదు. మత విశ్వాసాల విషయంలో తనకు తోచింది బాహాటంగా చెప్పినందుకు 1758లో డార్బీ క్వేకర్ సంఘం ఆయనను బహిష్కరించింది. దేవుణ్ణి ఆయన చెట్టులో, ఆకులో చూశారు. ఆ నమ్మకాన్ని దాచుకోలేదు.

అరవై ఆరేళ్ళకు రాజుగారి కొలువు

ఆయనకు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1764లో ఫిలడెల్ఫియా ప్రాంతానికే చెందిన విలియం యంగ్ అనే యువకుడికి ఇంగ్లండు రాణి ఆస్థాన వృక్షశాస్త్రజ్ఞుడిగా మంచి జీతంతో పదవి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా అడవులు పట్టి తిరిగిన తన మాట ఎవరికీ గుర్తు రాలేదని బార్ట్రమ్ నొచ్చుకున్నారు. సర్వీసులో తమ కంటే వెనుక చేరినవారు ముందు నడవడం చూసిన మన సభ్యులకు ఆ బాధ కొత్త కాదు. కాలిన్సన్ పట్టు వదలక ప్రయత్నించగా 1765లో మూడవ జార్జ్ రాజు బార్ట్రమ్‌ను తన వృక్షశాస్త్రజ్ఞుడిగా నియమించి ఏటా 50 పౌనులు మంజూరు చేశారు. యంగ్‌కు ఇచ్చిన దాని కంటే అది చాలా తక్కువ. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. చూపు మందగించింది.

ఆ వయసులో మరొకరైతే ఆ సొమ్ము తీసుకుని ఇంటిపట్టున ఉండేవారు. బార్ట్రమ్ ఆ ఏడు జులైలోనే ఓడ ఎక్కి దక్షిణానికి ప్రయాణమై, అక్కడ కొడుకు విలియమ్‌ను వెంటబెట్టుకున్నారు. కరోలినా, జార్జియా, ఫ్లారిడాలలో అడవులు, బురద నేలలు, మొసళ్ళున్న నదులు తిరిగారు. మధ్యలో జ్వరపడ్డారు. తగ్గాక మళ్ళీ నడిచారు. మరుసటి సంవత్సరం ఇల్లు చేరారు.

ఆల్టమహా నది ఒడ్డున

ఆ ప్రయాణంలోనే 1765 అక్టోబరు 1న తండ్రీకొడుకులు జార్జియాలో ఆల్టమహా నది దగ్గర దారి తప్పారు. ఆ తిరుగుడులో అంతకు ముందెన్నడూ చూడని ఒక చిన్న చెట్టు కనిపించింది. అప్పుడది పూతలో లేదు. పేరు పెట్టడానికీ పెట్టె నింపడానికీ వీలుకాలేదు. గుర్తు పెట్టుకుని ముందుకు సాగారు.

కొన్నేళ్ళ తరువాత, 1773లో విలియమ్ ఒంటరిగా దక్షిణ యాత్రకు బయలుదేరారు. దాదాపు నాలుగేళ్ళు తిరిగారు. తండ్రితో చూసిన ఆ చెట్టును వెతుక్కుంటూ మళ్ళీ అదే చోటికి వెళ్ళారు. ఈసారి పువ్వు కనిపించింది. తెల్లని అయిదు రేకులు, నడుమ పసుపు పచ్చని కేసరాల గుత్తి, మంచి సువాసన. తేయాకు కుటుంబానికి చెందిన చెట్టు అది. దాని కాయ పండడానికి ఏడాదికి పైగా పడుతుంది. నిరుటి కాయ కొమ్మ మీద ఉండగానే ఈ ఏటి పువ్వు పూస్తుంది. ఆ యాత్రలో సేకరించిన విత్తనాలు స్కూల్‌కిల్ ఒడ్డున ఉన్న ఇంటి తోటకు చేరాయి. 1777 జనవరిలో విలియమ్ ఇల్లు చేరారు.

అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ దగ్గర జరిగిన పోరులో గెలిచిన బ్రిటిష్ సేనలు ఫిలడెల్ఫియా వైపు కదిలాయి. జీవితమంతా పెంచిన తోట సైనికుల కాళ్ళ కింద నలిగిపోతుందేమోనన్న బెంగతోనే ముసలాయన కుంగిపోయారని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. సెప్టెంబరు 22న, డెబ్భై ఎనిమిదో ఏట జాన్ బార్ట్రమ్ కన్నుమూశారు. మరి నాలుగు రోజులకు సేనలు నగరంలో ప్రవేశించాయి. తోట మాత్రం చెక్కుచెదరలేదు.

ఆల్టమహా విత్తనాల నుంచి పెరిగిన చెట్టు ఆ తోటలో మొదటిసారి పూసింది 1781లో. చూడడానికి జాన్ లేరు. కొడుకు దానికి తండ్రి మిత్రుని పేరు కలిసేలా ఫ్రాంక్లీనియా అని పేరు ఎంచుకున్నారు. బార్ట్రమ్‌కు బంధువైన హంఫ్రీ మార్షల్ 1785లో తన పుస్తకంలో ఆ పేరును ప్రకటించారు. నది పేరు కూడా అందులో చేరింది.

అసలు సంగతి తరువాత జరిగింది. ఆ చెట్టు అడవిలో ఆల్టమహా ఒడ్డున ఆ ఒక్క చోటే ఉండేది. 1803లో ఒక మొక్కల సేకర్త అక్కడ కొన్ని చెట్లు చూశారు. ఆ తరువాత ఎవరికీ అడవిలో అది కనిపించలేదు. రెండు వందల ఏళ్ళకు పైగా ఎందరో వెతికారు. దొరకలేదు. అడవిలో అది అంతరించిపోయింది. నేడు ప్రపంచంలో ఎక్కడ ఫ్రాంక్లీనియా చెట్టు ఉన్నా, అది బార్ట్రమ్ ఇంటి తోటలో విత్తనం నుంచి మొలిచిన చెట్ల సంతతే. ఆయన త్రిశత జయంతి సందర్భంగా 1990ల చివర లెక్క తీయగా రెండు వేలకు పైబడి చెట్లు తేలాయి. ఒక కుటుంబం పెరట్లో కొన్ని గింజలు నాటి నీళ్ళు పోసింది కాబట్టి ఒక జాతి మిగిలింది.

తోట నిలిచిన తీరు

బార్ట్రమ్ తరువాత కొడుకులు జాన్, విలియమ్ తోటను నడిపారు. 1783లో తమ దగ్గరున్న చెట్లు, పొదల జాబితాను అచ్చువేశారు. 1787లో జార్జ్ వాషింగ్టన్ వచ్చి తోట చూశారు. తరువాత అక్కడి నుంచి తన ఇంటికి మొక్కలు తెప్పించుకున్నారు. విలియమ్ తన యాత్రలను 1791లో పుస్తకంగా వెలువరించి తండ్రిని మించిన పేరు పొందారు. ఆపైన మనుమరాలు ఆన్ కుటుంబ వ్యాపారాన్ని కొనసాగించింది. 1850లో ఆర్థిక ఇబ్బందుల వల్ల తోట అమ్ముడైంది. కొన్న పారిశ్రామికవేత్త ఆండ్రూ ఈస్ట్‌విక్ తన భవనాన్ని వేరే చోట కట్టుకుని, పాత తోటను పాడు కానివ్వలేదు. 1891లో నగర ప్రభుత్వం దాన్ని స్వాధీనపరచుకుంది. నేడది ఫిలడెల్ఫియాలో ప్రజలందరికీ తెరిచి ఉన్న ఉద్యానవనం. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే మన సభ్యులు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడికి వెళితే ఫ్రాంక్లీనియా పూతను కళ్ళారా చూడవచ్చు.

మనం చేయగలిగినది

బార్ట్రమ్ పెద్ద చదువులు చదవలేదు. ధనవంతుడు కాదు. పింఛను వచ్చేనాటికి వయసు మీరింది. చేతికున్న సాధనాలు ఒక పార, కాగితపు పొట్లాలు, కొంచెం ఇసుక, కొంచెం నాచు. వీటిలో మనకు లేనిది ఏదీ లేదు. పైగా ఆయన పద్ధతిలో మనవలు, మనవరాళ్ళను కూడా కలుపుకోవచ్చు. వేసవిలో ఎండిన రేల కాయను పగలగొడితే ఒక్కో గదిలో ఒక్కో గింజ ఉంటుంది. దాన్ని చూపించి, అరగదీయించి, నానబెట్టించి, పొట్లం మీద పేరూ తేదీ వారి చేతనే రాయిస్తే, ఆ చెట్టు ఆ పిల్లల పేరున పెరుగుతుంది. ఇంట్లో చోటు లేనివారు కుండీల్లో ఏడాది పెంచి కాలనీ పార్కుకో, బడికో, గుడికో ఇవ్వవచ్చు.

మన ఊళ్ళలో పాత ఇళ్ళు పడగొట్టి అంతస్తులు కడుతున్నప్పుడు పొగడ, పొన్న, సంపెంగ వంటి పెరటి చెట్లు మొదట పోతున్నాయి. వాటిలో ఏదైనా మీ వీధిలో ఇంకా నిలిచి ఉంటే, కాయలు పండే నెల ఏదో గమనించి నాలుగు గింజలు తెచ్చుకోండి. ఆ చెట్టు పోయే నాటికి దాని పిల్ల మరొక చోట వేళ్ళూని ఉంటుంది. విత్తిన చేతికి పువ్వు అందుతుందా అన్నది లెక్కలోకి తీసుకోవలసిన విషయం కాదు. జాన్ బార్ట్రమ్ చేతికి ఆ తెల్లని పువ్వు అందలేదు. కానీ ఏటా వేసవి చివర ఆయన ఇంటి ముందు అది పూస్తూనే ఉంది.